లెక్క తగ్గింది, మరి మాట పెరిగిందా?



ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పులు ఎన్ని, రికవరీ నూటికి ఎంత అని లెక్కలు రాసుకుంటాం. ఈసారి ఇంకో లెక్క గురించి రాయాలని మా సంఘం అనుకుంది. అది మన ఇళ్ళల్లో కాన్పుల లెక్క. మన నాయనమ్మలు, అమ్మమ్మల తరంలో ఆరేడు కాన్పులు మామూలు. అమ్మల తరంలో మూడో నాలుగో. మన తరంలో ఇద్దరు, కొందరికి ఒక్కరే. రెండు తరాల్లో ఇంత మార్పు ఎట్లా వచ్చింది? అందులో మన ఇష్టం ఎంత, పైవాళ్ళ ఇష్టం ఎంత? ఇది తెలుసుకోకపోతే రేపు మన కూతుళ్ళ విషయంలో కూడా ఇంకెవరో లెక్క కడతారు. అందుకే ఈ వ్యాసం.

నాయనమ్మల కాలం

ఆ కాలంలో ఎక్కువమందిని కనడానికి కారణం తెలివి లేకపోవడం కాదు. పుట్టిన పిల్లలు దక్కుతారనే నమ్మకం లేదు. 1970ల మొదట్లో కూడా మన రాష్ట్రంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో వందమంది దాకా మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవాళ్ళు. ఇప్పుడు ఆ సంఖ్య 25 లోపుకు వచ్చింది. పిల్లల్లో ఎవరు నిలుస్తారో తెలియనప్పుడు ఎవరైనా ఇద్దరితో ఆగుతారా?

పెళ్ళిళ్ళు కూడా చిన్న వయసులోనే అయ్యేవి. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు నిండాలంది. అది 18కి పెరిగింది 1978లో. పద్నాలుగు పదిహేనేళ్ళకు కాపురానికి వెళ్ళిన పిల్లకు నలభై దాటేదాకా కాన్పులే కాన్పులు.

గర్భం రాకుండా చూసుకోవాలనే ఆలోచన మన దేశంలో పాతదే. 1921లో బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే అనే ఆయన సంతాన నియంత్రణ కేంద్రం తెరిచారు. 1930లో మైసూరు సంస్థానం ప్రభుత్వమే ఇలాంటి క్లినిక్కులు పెట్టింది. తమిళనాడులో పెరియార్ ఒక అడుగు ముందుకేసి, దేశంలో జనం పెరుగుతున్నారని కాదు, ఆడవాళ్ళకు స్వేచ్ఛ ఉండాలనే గర్భ నిరోధం కావాలని వాదించారు.

1935 డిసెంబరులో అమెరికా నుంచి మార్గరెట్ సాంగర్ అనే ఆమె వార్ధా వచ్చి గాంధీజీని కలిశారు. సాధనాలు వాడితే ఆడవాళ్ళకు బాధ తగ్గుతుందని ఆమె వాదన. సాధనాలు వద్దు, నిగ్రహం కావాలి, భార్య భర్తను కాదనడం నేర్చుకోవాలి అని గాంధీజీ అభిప్రాయం. ఇద్దరికీ మాట కలవలేదు. ఎనభై తొంభై ఏళ్ళ తర్వాత ఈ వాదన చదువుతుంటే మనకు ఒకటే అనిపిస్తుంది. కాదనే బలం ఉన్న ఆడదానికి ఏ పద్ధతైనా పనిచేస్తుంది. ఆ బలం లేనిదానికి ఏమిటి దారి? ఈ ప్రశ్నను గుర్తు పెట్టుకోండి, ముందు ముందు మళ్ళీ వస్తుంది.

ప్రభుత్వం దిగింది

1952లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా మొదలుపెట్టింది. ప్రపంచంలో ఇలా చేసిన మొదటి దేశం మనదే. 1965లో లూపు వచ్చింది. లక్షలమందికి వేశారు. కానీ వేసిన తర్వాత రక్తస్రావం కావచ్చని ముందు చెప్పలేదు, అయినవాళ్ళను మళ్ళీ పిలిచి చూడలేదు. పుకార్లు పుట్టాయి, ఆడవాళ్ళు భయపడ్డారు, లూపు మూలన పడింది. 1968లో నిరోధ్ వచ్చింది. ఎర్ర త్రికోణం బొమ్మ, ‘మేమిద్దరం, మాకిద్దరు’ అనే నినాదం గోడల మీదికి, లారీల వెనకకు ఎక్కాయి. 1971లో గర్భస్రావాన్ని కొన్ని పరిమితులతో చట్టబద్ధం చేశారు. అంతకుముందు మంత్రసానుల దగ్గర, నాటు మందులతో దాచి చేయించుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో.

ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో ఉద్యోగులకు టార్గెట్లు పెట్టి, రేషను, జీతం, లోను అన్నింటికీ ఆపరేషన్ సర్టిఫికెట్‌తో ముడిపెట్టారు. 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో నాలుగింట మూడొంతులు మగవాళ్ళవి. తర్వాత విచారణ చేసిన షా కమిషన్ ముందుకు ఆపరేషన్ల వల్ల పదిహేడు వందలకు పైగా చావుల వివరాలు వచ్చాయి. జనం కోపం 1977 ఎన్నికల్లో కనిపించింది. మరుసటి ఏడాది ఆపరేషన్లు పది లక్షల లోపుకు పడిపోయాయి.

ఇక్కడొక మలుపు ఉంది, దీన్ని మనం గట్టిగా పట్టుకోవాలి. ఎమర్జెన్సీ దెబ్బతో మగవాళ్ళ ఆపరేషన్ మాట ఎత్తడానికే నాయకులు భయపడ్డారు. కార్యక్రమం ఆగలేదు గానీ బరువు మొత్తం ఆడవాళ్ళ మీదికి మారింది. మగవాళ్ళ మీద బలవంతం చేస్తే ప్రభుత్వమే పడిపోయింది. ఆడవాళ్ళ మీద టార్గెట్లు మాత్రం 1996 దాకా నడిచాయి.

ఏ పద్ధతి ఎంత నమ్మకం?

మన మీటింగుల్లో ఎప్పుడూ వచ్చే మాట ఒకటి ఉంది. ‘మాత్రలు వేసుకున్నా వచ్చిందంట, నిరోధ్ వాడినా వచ్చిందంట’ అని. దీని లెక్క తెలుసుకోవడం మంచిది. వందమంది ఆడవాళ్ళు ఒక పద్ధతిని ఏడాదిపాటు మామూలుగా ఇళ్ళల్లో వాడినట్టు వాడితే ఎందరికి గర్భం వస్తుందో డాక్టర్లు లెక్క కట్టారు.

ఏమీ వాడకపోతే 85 మందికి. భర్త ముందే తప్పుకునే పద్ధతిలో 20 మందికి. నిరోధ్‌తో 13 మందికి. రోజూ వేసుకునే మాత్రలతో ఏడుగురికి. మూడు నెలలకోసారి వేసే ఇంజక్షన్‌తో నలుగురికి. కాపర్ టీతో ఒకరి కంటే తక్కువ. ఆడవాళ్ళ ఆపరేషన్‌తో రెండు వందల మందిలో ఒకరికి. మగవాళ్ళ ఆపరేషన్‌తో ఇంకా తక్కువ, వెయ్యిలో ఒకరిద్దరికి. అయితే మగవాళ్ళకు ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు వేరే జాగ్రత్త తీసుకోవాలి.

ఇది ఒక్క ఏడాది లెక్క. మాత్రల్లో నూటికి ఏడుగురే కదా అనుకుంటాం. అదే తీరున పదేళ్ళు సాగితే సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు గర్భం వస్తుంది. వడ్డీ మీద వడ్డీ ఎట్లా పెరుగుతుందో మనకు తెలుసు గదా, ఇదీ అంతే.

ఇంకో సంగతి చూడండి. ఒక్క రోజు కూడా తప్పకుండా, చెప్పినట్టే వాడితే మాత్రలతో నూటికి ఒకరికి కూడా గర్భం రాదు. నిరోధ్‌తో ఇద్దరికే వస్తుంది. మరి ఇళ్ళల్లో ఏడుగురికి, 13 మందికి ఎందుకు వస్తోంది? మాత్రలో మందు తగ్గి కాదు. మాత్రలు కొనడానికి డబ్బు చేతిలో లేక, అత్తగారికి కనబడకుండా దాచాల్సి వచ్చి, పనుల మీద ఊరు వెళ్ళినప్పుడు మర్చిపోయి, తాగి వచ్చిన మనిషితో నిరోధ్ మాట ఎత్తలేక. అంటే ఒక పద్ధతి ఎంత నమ్మకంగా పనిచేస్తుందనేది ఆ వస్తువులోనే లేదు. ఆ ఇంట్లో ఆడదాని మాటకు ఎంత విలువ ఉందో దాని మీద కూడా ఆధారపడి ఉంది.

మనవాళ్ళు ఆపరేషనే ఎందుకు ఎంచుకున్నారు?

ఇప్పుడు మన రాష్ట్రం సంగతికి వద్దాం. ఒక స్త్రీ జీవితంలో సగటున ఎందరిని కంటుందో చెప్పే లెక్క 1970ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో నాలుగున్నర దాకా ఉండేది. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 2.6కు వచ్చింది. 2005-06కు 1.8. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. తల్లిదండ్రులిద్దరి స్థానంలో ఇద్దరు పిల్లలు నిలవాలంటే 2.1 ఉండాలి. మనం దానికంటే దిగువకు వచ్చి ఇరవై ఏళ్ళయింది.

ఇది చూసి పెద్ద పెద్ద జనాభా పండితులే ఆశ్చర్యపోయారు. ఎందుకంటే కేరళలో కాన్పులు తగ్గాయంటే అక్కడ ఆడవాళ్ళు చదువుకున్నారని చెప్పొచ్చు. 1991లో కేరళలో ఆడవాళ్ళ అక్షరాస్యత నూటికి 86. అప్పుడు మన రాష్ట్రంలో 33 కూడా లేదు. చదువు లేకుండా, చిన్న వయసు పెళ్ళిళ్ళు ఆగకుండా ఇక్కడ కాన్పులు ఎట్లా తగ్గాయి?

పిల్లలు దక్కడం మొదలైంది. 1985 నుంచి టీకాలు ఊరూరికీ వచ్చాయి. భూమి పంచుకుంటూ పోతే సెంట్లలోకి వచ్చింది. పిల్లల్ని పశువుల వెంట కాకుండా బడికి పంపాలనే ఆశ పుట్టింది, బడికి ఖర్చవుతుంది. చదువు రాని తల్లే నా బిడ్డకు నా బతుకు వద్దు అనుకుంది. మన సంఘాల వల్లే ఇదంతా జరిగిందని గొప్ప చెప్పుకోవడం న్యాయం కాదు. సంఘాలు గట్టిపడకముందే, డెబ్భైలు ఎనభైల నుంచే తగ్గుదల మొదలైంది.

తగ్గించుకోవాలనే కోరిక అట్లా పుట్టింది. కోరిక తీరే దారి ఏది? ఇక్కడే ఆ పాత ప్రశ్న వస్తుంది. రోజూ మాత్ర వేసుకోవాలంటే రోజూ ధైర్యం కావాలి. నిరోధ్‌కు ప్రతిసారీ భర్త ఒప్పుకోవాలి. ఆపరేషన్‌కు ఒక్కసారి ఇంట్లో ఒప్పిస్తే చాలు. తర్వాత ఎవరినీ అడగక్కర్లేదు, ఏదీ దాచక్కర్లేదు, ఏ రాత్రికీ భయపడక్కర్లేదు. ఇంట్లో మాట చెల్లని ఆడదానికి ఒకేసారి తేలిపోయే పద్ధతే నమ్మకంగా కనిపించింది. మన అమ్మలు తెలియక ఆపరేషన్ చేయించుకున్నారని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఉన్న కొద్దిపాటి అధికారంతో చేసిన తెలివైన నిర్ణయం అది. కాకపోతే ఆ దారి ఒక్కటే వాళ్ళకు తెరిచి పెట్టారు.

2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి 70 మంది దాకా, తెలంగాణలో 62 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశం మొత్తంలో 38. మన రాష్ట్రంలో మాత్రలు, నిరోధ్, కాపర్ టీ, మగవాళ్ళ ఆపరేషన్ అన్నీ కలిపినా నూటికి ఒకరిద్దరే. మగవాళ్ళ ఆపరేషన్ ఒక గంట పని, కుట్లు కూడా దాదాపు ఉండవు, నమ్మకం ఎక్కువ. అయినా ‘మా ఆయన కష్టం చేసే మనిషి, బరువులెత్తలేడు’ అంటూ మనమే అడ్డం పడుతున్నాం. మనం ఎత్తేవి బరువులు కావా? ఆ ఆపరేషన్‌తో మగతనం పోదు, బలం పోదు.

లెక్క తగ్గినా మిగిలిపోయినవి

కాన్పులు తగ్గగానే స్వేచ్ఛ వచ్చేసినట్టు కాదు. 2005-06లో మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం కంటే ఎక్కువమందికి 18 నిండకముందే పెళ్ళయింది. 2019-21లోనూ నూటికి 29 మంది ఉన్నారు. పదిహేడుకు పెళ్ళి, ఇరవై లోపు ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్. ఆపరేషన్ అయినవాళ్ళలో సగానికి పైగా 25 ఏళ్ళ లోపే చేయించుకున్నారని సర్వేలు చెబుతున్నాయి. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం పెట్టే పద్ధతులు వాళ్ళదాకా రానే లేదు. తర్వాత బిడ్డకు ఏమన్నా అయితే, లేదా బతుకు ఇంకో మలుపు తిరిగితే, వెనక్కి రావడం చాలా కష్టం.

ఇద్దరే అన్నప్పుడు ఆ ఇద్దరిలో ఒకరు కొడుకై తీరాలనే పట్టుదల పెరిగింది. స్కానింగ్ చేసి ఆడపిల్లను కడుపులోనే తీసేస్తుంటే 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం తేవాల్సి వచ్చింది. పిల్లలు తగ్గడంలో ఆడపిల్లలే తగ్గితే అది మన గెలుపు ఎట్లా అవుతుంది?

క్యాంపుల సంగతి కూడా మరువకూడదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో కొన్ని గంటల్లోనే 83 మందికి ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా పేదింటి తల్లులు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో ఇలాంటి క్యాంపులు మూడేళ్ళలో మాన్పించాలని చెప్పింది.

ఇంకోవైపు నిజంగా మాట పెరిగిన చోట్లూ ఉన్నాయి. 1986లో ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కుటుంబాల్లో ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన వాటా చట్టం వచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు, మరుసటి ఏడాదికి రాష్ట్రంలోనే సారా ఆగింది. ఆ జిల్లాలోనే ఆ ఊపులో పొదుపు సంఘాలు లేచాయి. మన సంఘాలు కాన్పుల లెక్క తగ్గించకపోవచ్చు. కానీ మాత్రలకు డబ్బు అడుక్కోనక్కర్లేకుండా, ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళగలిగేలా, నలుగురిలో ఈ మాట ఎత్తగలిగేలా చేశాయి. దాని విలువ తక్కువేం కాదు.

ఇప్పుడు కనమంటున్నారు

1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే సర్పంచ్, వార్డు మెంబరు పోటీకి అనర్హులన్నారు. మూడో బిడ్డను కనాలా వద్దా అన్నది ఇంట్లో ఎవరు నిర్ణయించినా, పోటీ చేసే అర్హత మాత్రం ఆమెకు పోయేది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన తీసేసింది. ఇప్పుడు ముసలివాళ్ళు పెరుగుతున్నారు, పనిచేసేవాళ్ళు తగ్గుతున్నారు, ఎక్కువమందిని కనండి అని పెద్దలు అంటున్నారు. నిన్న వద్దన్నారు, ఇవాళ కావాలంటున్నారు.

ఇట్లా చేసిన దేశాల అనుభవం చూద్దాం. రుమేనియాలో 1966లో జనాభా పెంచాలని గర్భస్రావాన్ని నిషేధించారు, గర్భ నిరోధక సాధనాలు దొరక్కుండా చేశారు. సగటున ఇద్దరి లోపు ఉన్న కాన్పులు ఏడాదిలో మూడున్నర దాటాయి. కొన్నేళ్ళకే మళ్ళీ దిగిపోయాయి. దొంగచాటు గర్భస్రావాలతో వేలమంది తల్లులు చనిపోయారు. 1989 చివర్లో ప్రభుత్వం కూలిన వెంటనే ఆ చట్టం రద్దయింది. చైనా 1980లో ఒక్కరే అంది, 2016లో ఇద్దరంది, 2021లో ముగ్గురంది. ఆడవాళ్ళు వినలేదు. దక్షిణ కొరియాలో ఆడవాళ్ళు బాగా చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. కానీ ఇంటిపని, పిల్లలపని వాళ్ళ మీదే ఉంది, పిల్లల చదువుల ఖర్చు భయంకరం. ప్రభుత్వం డబ్బులిస్తామన్నా 2023లో అక్కడి సగటు 0.72కు పడింది.

దీన్నిబట్టి తెలిసేది, ఆడవాళ్ళకు మాట వచ్చాక హుకుంతో కాన్పులు పెరగవు. బిడ్డను కంటే ఉద్యోగం పోకూడదు, కూలి పోకూడదు. అంగన్‌వాడీ సాయంత్రం దాకా ఉండాలి. మంచి బడి ఊళ్ళోనే ఉండాలి. భర్త సగం పని పంచుకోవాలి. ఇవన్నీ ఉంటే ముగ్గురు కావాలనుకునే ఆమె ముగ్గురిని కంటుంది, ఒక్కరు చాలనుకునే ఆమె ఒక్కరితో ఆగుతుంది. రెండూ సరైనవే.

సంఘాల్లో చేయాల్సిన పని

ఈ ఏడాది ప్రతి సంఘం ఒక మీటింగు ఈ విషయానికి కేటాయించాలని మా ప్రతిపాదన. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను పిలిపించుకుందాం. కాపర్ టీ, మూడు నెలల అంతర ఇంజక్షన్, ఛాయ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాల్సినవే. మన పీహెచ్‌సీలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో అడిగి రాసుకుందాం. ఛాయ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరే చూసి చెప్పాలి.

కొన్ని హక్కులు నోటికి రావాలి. 18 నిండిన స్త్రీ చట్ట ప్రకారం గర్భస్రావం చేయించుకోవడానికి ఆమె సమ్మతి చాలు, భర్త సంతకం చట్టం అడగదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు కూడా ప్రభుత్వ నిబంధనల్లో భార్యకు భర్త సమ్మతి, భర్తకు భార్య సమ్మతి తప్పనిసరి కాదు. ఆడవాళ్ళ ఆపరేషన్‌కు 22 ఏళ్ళు నిండాలి. ఆపరేషన్ తర్వాత గర్భం వస్తే, ప్రమాదం జరిగితే ప్రభుత్వ పరిహారం ఉంది. ఆలస్యం చేయకుండా కాగితాలతో వెళ్ళి అడగాలి.

మగవాళ్ళతో కూడా ఒక మీటింగు పెడదాం. వేసక్టమీ గురించి మగ డాక్టరు చేతనో, చేయించుకున్న మనిషి చేతనో చెప్పిద్దాం. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు పెళ్ళి సంబంధాలు వస్తున్న ఇళ్ళకు సంఘం తరఫున నలుగురం వెళ్దాం.

ఇవన్నీ తీర్మానాల పుస్తకంలో రాసి, వచ్చే మహాసభకు ప్రతి గ్రామ సంఘం మూడు సంగతులు తేవాలి. మన పీహెచ్‌సీలో దొరికే పద్ధతులు ఎన్ని, ఈ ఏడాది ముందుకొచ్చిన మగవాళ్ళు ఎందరు, ఆగిన చిన్న వయసు పెళ్ళిళ్ళు ఎన్ని. పొదుపు, రికవరీ లెక్కల పక్కనే వచ్చే ఏడాది నివేదికలో వాటినీ అచ్చు వేద్దాం.